కీమో మధ్యలో ఫంగస్: నిర్ధారణ ముందా, మందు ముందా?

అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియాకు తొలి విడత కీమో ఇచ్చాక తెల్ల రక్తకణాలు దాదాపు అడుగంటుతాయి. రెండు మూడు వారాల దాకా మళ్లీ లేవవు. ఆ రోజుల్లో జ్వరం రాని రోగి అరుదు. జ్వరం కనిపించిన గంటలోపే గట్టి యాంటీబయాటిక్ మొదలుపెట్టాలన్న దానిలో ఎవరికీ పేచీ లేదు. పేచీ ఆ తర్వాత వస్తుంది. నాలుగైదు రోజులు గడిచినా జ్వరం తగ్గదు. రక్తం కల్చర్‌లో ఏమీ పెరగదు. ఛాతీ ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. లోపల ఫంగస్ చేరిందేమోనన్న అనుమానం మొదలవుతుంది. తేలేదాకా ఆగితే ప్రాణం మీదికి రావచ్చు. తేలకముందే మందు ఎక్కిస్తే, అసలు ఫంగసే లేని మనిషి కిడ్నీలు దెబ్బతినవచ్చు, ఇంటివాళ్ల ఖర్చు తడిసి మోపెడు కావచ్చు.

నలభై ఏళ్లుగా దీనికి మూడు రకాల జవాబులు నడుస్తున్నాయి. అనుమానం మీదే మందు ఇవ్వమనేది మొదటిది. వైద్యులు దీన్ని ఎంపిరికల్ చికిత్స అంటారు. స్కాన్‌లోనో రక్తపరీక్షలోనో జాడ దొరికాకే ఇవ్వమనేది రెండోది, ప్రీ-ఎంప్టివ్. జ్వరం రాకముందే నివారణగా ఇచ్చేయమనేది మూడోది. మూడింటికీ ట్రయల్స్ అండ ఉంది. చిక్కు ఏమిటంటే, ఆ ట్రయల్స్ నడిచిన కాలంలోనే మందులూ పరీక్షలూ కీమో పద్ధతులూ మారిపోయాయి. ఒకదాని ఫలితాన్ని ఇంకోదాని పక్కన పెట్టి గెలుపు ఓటములు చెప్పడం కుదరదు. పైగా వాటిలో పెద్దవి ఎక్కువగా ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా ఆసుపత్రుల్లో జరిగాయి. అక్కడ ప్రధాన శత్రువు ఆస్పర్జిల్లస్ అనే బూజు. మన దగ్గర ఆ ఒక్కటే కాదు.

ముప్పు అందరికీ ఒకటి కాదు

కీమో అనగానే ఫంగస్ భయం పెట్టుకోనక్కర్లేదు. రొమ్ము, పెద్దపేగు వంటి గడ్డ క్యాన్సర్ల కీమోలో తెల్లకణాల కౌంట్లు పడినా సాధారణంగా వారం లోపే కోలుకుంటాయి. ఈ రోగులకు నోట్లో తెల్లపూత రావచ్చు. సెంట్రల్ లైన్ వెంటో, పొట్ట ఆపరేషన్ తర్వాతో కాండిడా అనే ఈస్టు రక్తంలోకి చేరవచ్చు. ఊపిరితిత్తుల్లో బూజు పట్టడం మాత్రం అరుదు.

ఈ తేడాకు మూలం 1966లోనే తేలింది. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో జెరాల్డ్ బోడీ బృందం ల్యుకేమియా రోగుల కౌంట్లను, వాళ్లకొచ్చిన ఇన్ఫెక్షన్లను జతచేసి చూసింది. తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ ఎంత తక్కువకు పడ్డాయి, ఎన్నాళ్లు అలాగే ఉన్నాయి అన్న రెండు లెక్కల మీదే ముప్పు ఆధారపడింది. మైక్రోలీటరుకు 500 లోపు, పది రోజులకు మించి అన్న నేటి హద్దు ఆ ఆలోచన నుంచి వచ్చిందే. దానికి స్టెరాయిడ్లు తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో స్టెరాయిడ్ చికిత్సలో భాగమే.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపిన కాలంలోనే ల్యుకేమియాపై పనిచేసిన తొలి కీమో మందుల్లో ఒకటైన అమైనోటెరిన్ వచ్చింది, ఆరియోమైసిన్ కూడా వచ్చింది. కౌంట్లను పడగొట్టే కీమో ఒకవైపు, పేగుల్లోని బాక్టీరియాను ఊడ్చి ఈస్టులకు చోటిచ్చే విస్తృత యాంటీబయాటిక్ ఇంకోవైపు: ఈ వ్యాసంలోని సమస్య ఆ రెంటి మధ్యే పుట్టింది. 1948లో ఆయన పోయాక ఒక ఫంగస్ ప్రజాతికి సుబ్బారోమైసెస్ అని ఆయన పేరే పెట్టారు.

అనుమానం మీద మందు

1970లలో ల్యుకేమియా రోగుల ఫంగస్ చాలావరకు శవపరీక్షలోనే బయటపడేది. బతికుండగా పట్టుకునే దారి లేనప్పుడు అనుమానం మీద వైద్యం తప్ప గత్యంతరం లేదు. 1982లో ఫిలిప్ పిజ్జో బృందం ప్రచురించిన చిన్న ట్రయల్ ఈ పద్ధతికి పునాది వేసింది. వారం పాటు యాంటీబయాటిక్ ఇచ్చినా జ్వరం తగ్గని 50 మందిని మూడు జట్లు చేశారు. యాంటీబయాటిక్ మాత్రమే కొనసాగించిన 16 మందిలో ఐదుగురికి ఫంగస్ వచ్చింది. దానికి యాంఫోటెరిసిన్ బి కూడా కలిపిన 18 మందిలో ఒక్కరికే వచ్చింది. 1989లో ఐరోపా క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ 132 మందితో చేసిన ట్రయల్ కూడా అటే మొగ్గింది. అయితే మొత్తం మరణాల్లో స్పష్టమైన తేడా కనపడలేదు. ఈ రెండు చిన్న ట్రయల్స్ ఆధారంగా రెండు దశాబ్దాల పాటు ప్రపంచమంతా ఒకే పద్ధతి నడిచిందంటే ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంటుంది.

యాంఫోటెరిసిన్ తేలికైన మందు కాదు. ఎక్కిస్తుండగానే చలి, వణుకు, జ్వరం. కొన్ని రోజులకు క్రియాటినిన్ పెరగడం, పొటాషియం, మెగ్నీషియం జారిపోవడం. అందుకే తర్వాతి ట్రయల్స్ అన్నీ ‘ఇవ్వాలా వద్దా’ అని అడగలేదు, ‘ఏది ఇవ్వాలి’ అని అడిగాయి. థామస్ వాల్ష్ నేతృత్వంలో 1999లో లైపోసోమల్ యాంఫోటెరిసిన్‌ను పాత రూపంతో పోల్చారు. ఫలితం సమానం, కిడ్నీలకు హాని తక్కువ. 2002లో వోరికొనజోల్ వంతు వచ్చింది. ముందుగా గీసుకున్న గణాంక హద్దును అది దాటలేకపోయింది. కానీ మందు నడుస్తుండగా కొత్తగా ఫంగస్ వచ్చినవాళ్లు దాని జట్టులో 8 మందే, లైపోసోమల్ జట్టులో 21 మంది. 2004లో కాస్పోఫంగిన్ 33.9 శాతం, లైపోసోమల్ 33.7 శాతం విజయంతో సమానంగా నిలిచాయి.

ఈ 34 శాతం దగ్గర కాస్త ఆగాలి. మూడింట రెండు వంతుల మందికి చికిత్స విఫలమైందా? కాదు. ఈ ట్రయల్స్‌లో ‘విజయం’ ఐదు షరతుల మూట. బతకడం, కొత్త ఫంగస్ రాకపోవడం, ఉన్న ఫంగస్ నయమవడం, మందు మధ్యలో ఆపకపోవడంతో పాటు కౌంట్లు లేవకముందే జ్వరం తగ్గడం కూడా ఉంది. చాలామంది తప్పింది ఆ ఆఖరి షరతు దగ్గరే. కౌంట్లు లేని మనిషికి జ్వరం రావడానికి ఫంగస్ ఒక్కటే కారణం కాదు. నోరు, పేగులు పుండ్లు పడటం, మందులు, రక్తం ఎక్కించడం, చివరికి ల్యుకేమియా కూడా కారణం కావచ్చు. అనుమాన చికిత్సకు ఊతమిచ్చిన జ్వరమే దాని బలహీనత అని ఈ ట్రయల్స్ తమకు తెలియకుండానే చూపించాయి.

కనిపించడం మొదలయ్యాక

1990లలో ఫ్రాన్స్‌లోని డిజాన్‌లో డెనిస్ కయ్యో బృందం ఛాతీ సీటీని తొందరగా తీయడం మొదలుపెట్టింది. ఆస్పర్జిల్లస్ నిర్ధారణకు సగటున ఏడు రోజులు పట్టేది, రెండు రోజుల లోపుకు దిగింది. గడ్డ చుట్టూ మసక వలయంలా కనిపించే హేలో గుర్తు మొదటి రోజు దాదాపు అందరిలో ఉంది. వారం తిరిగేసరికి నాలుగో వంతు మందిలో కూడా లేదు. అంటే స్కాన్ తీశారా లేదా అన్నదొక్కటే చాలదు, ఎన్నో రోజున తీశారన్నది కూడా ముఖ్యం. కౌంట్లు లేచాక గడ్డ పెద్దదై, మధ్యలో గాలి చంద్రవంక కనిపించవచ్చు. దాన్ని చూసి మందు పనిచేయడం లేదని కంగారుపడి మార్చేసిన సందర్భాలు వైద్య సాహిత్యంలో చాలా ఉన్నాయి. నిజానికి అది తరచుగా కోలుకుంటున్న గుర్తు.

రక్తపరీక్షల్లో గాలక్టోమన్నన్ ముఖ్యమైనది. ఆస్పర్జిల్లస్ పెరుగుతూ తన కణగోడలోని ఈ చక్కెర పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. పలు అధ్యయనాలను కలిపి చూసిన 2006 విశ్లేషణలో ఇది పదిమంది రోగుల్లో సుమారు ఏడుగురిని పట్టింది. ఊపిరితిత్తిని కడిగి తీసిన ద్రవంలో చేస్తే ఇంకా బాగా పడుతుంది. బీటా-డి-గ్లూకాన్ పరీక్ష వల ఇంతకన్నా పెద్దది, కాండిడా కూడా అందులో పడుతుంది. ఆ మేరకు ఏ ఫంగస్ అన్నది చెప్పలేదు. పీసీఆర్‌కు ఒక్కో ల్యాబ్‌లో ఒక్కో పద్ధతి ఉండటం వల్ల చాలాకాలం గుర్తింపు రాలేదు. 2020లో సవరించిన అంతర్జాతీయ నిర్వచనాల్లో చోటు దొరికింది.

ఈ నిర్వచనాల గురించి ఒక హెచ్చరిక అవసరం. ఈఓఆర్‌టీసీ, అమెరికా మైకోసెస్ స్టడీ గ్రూప్ కలిసి 2002లో, 2008లో, మళ్లీ 2020లో ఖాయం, బహుశా, కావచ్చు అని మూడు మెట్లు కట్టాయి. ఇవి ట్రయల్స్‌లో రోగులను పోల్చడానికి ఉద్దేశించినవి. మంచం పక్కన వైద్యుడు చికిత్స ఇవ్వడానికి ‘బహుశా’ అన్న మెట్టు ఎక్కాలని ఎక్కడా లేదు. అయినా ఆ వాడుక బాగా పాతుకుపోయింది.

సూదితో ముక్క తీసి చూడటమే నిజమైన సాక్ష్యం. ప్లేట్‌లెట్లు ఇరవై వేలు ఉన్న మనిషి ఊపిరితిత్తిలో సూది గుచ్చడానికి ఎవరికైనా చేయి వణుకుతుంది. గుచ్చగలిగితే మాత్రం గంటలో చాలా తెలుస్తుంది. కేఓహెచ్‌తో మెరుపు రంగు కలిపి చూసినప్పుడు సన్నగా, అడ్డుగోడలతో, వాలుగా చీలే తీగలుంటే ఆస్పర్జిల్లస్ అనుకోవచ్చు. రిబ్బన్లలా వెడల్పుగా, అడ్డుగోడలు పెద్దగా లేకుండా, లంబంగా చీలితే మ్యూకర్ అనే ఇంకో బూజు. కల్చర్‌కు పంపే ముక్కను నూరితే మ్యూకర్ చచ్చిపోతుంది. ఈ చిన్న సంగతి ల్యాబ్‌కు చెప్పకపోవడం వల్ల పోయిన నిర్ధారణలు తక్కువేమీ కాదు.

రెండు పక్షాలు ఎదురెదురుగా

పరీక్షలు చేతికొచ్చాక ఆధారం దొరికేదాకా ఆగుదామన్న వాదానికి బలం వచ్చింది. 2005లో బెల్జియంలో యోహాన్ మార్టెన్స్ బృందం గాలక్టోమన్నన్, సీటీల ఆధారంగా మందు ఇస్తే, జ్వరం లెక్కన 35 శాతం మందికి పడాల్సిన మందు 8 శాతం లోపుకు దిగింది. తర్వాత 2009లో ఫ్రాన్స్‌లో 293 మందితో చేసిన ట్రయల్‌లో అనుమాన జట్టులో 97.3 శాతం, ఆధారం జట్టులో 95.1 శాతం బతికారు. హద్దు ప్రకారం ఇది సమానమే. కానీ ఫంగస్ వచ్చినవాళ్లు 2.7 శాతం, 9.1 శాతం. ఆ అదనపు కేసులు ముఖ్యంగా తొలి విడత కీమోలో వచ్చాయి.

ఈ అంకెలను ఇరుపక్షాలూ తమకు అనువుగా చదివాయి. ఆగితే ఫంగస్ పెరుగుతోందని ఒకరు, వెతికితే దొరుకుతుంది, వెతకని జట్టులో లెక్కకు రాలేదంతే అని ఇంకొకరు. రెండో వాదానికి 2013లో ఆస్ట్రేలియా ట్రయల్ నుంచి మద్దతు వచ్చింది. అక్కడ గాలక్టోమన్నన్, పీసీఆర్ క్రమంగా చేస్తూ పోతే అనుమానం మీద మందు వాడకం 32 నుంచి 15 శాతానికి తగ్గింది. 2022లో వెలువడిన ఈఓఆర్‌టీసీ ట్రయల్ ఇంకా స్పష్టం. 549 మందిలో అనుమాన జట్టులో 63 శాతం మందికి కాస్పోఫంగిన్ పడింది, ఆధారం జట్టులో 27 శాతానికే. ఆరు వారాలకు బతికినవాళ్లు 93.1, 96.7 శాతం.

సీటీ అదే రోజు, గాలక్టోమన్నన్ ఒకటి రెండు రోజుల్లో వచ్చే ఆసుపత్రిలో ఈ వాదం దాదాపు తేలిపోయిందనే చెప్పాలి. అక్కడ జ్వరం ఒక్కదాన్నే చూసి మందు మొదలుపెట్టాల్సిన పని లేదు. ఆ ‘అక్కడ’ అన్న మాట మీదే మిగతా చర్చంతా నిలబడి ఉంది.

ముందే కాపలా

మూడో పక్షం ఈ తగువునే పక్కకు నెట్టింది. 2007లో ఆలివర్ కోర్నెలీ బృందం మైలాయిడ్ ల్యుకేమియా రోగులకు కీమోతో పాటే పోసాకొనజోల్ ఇచ్చింది. ఫంగస్ 8 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది, మరణాలూ తగ్గాయి. నివారణ మందు ప్రాణాలు నిలిపినట్టు చూపడం ఈ రంగంలో అరుదు.

దీని మూల్యం రెండు చోట్ల చెల్లించాలి. నివారణ మందు మీద ఉన్నవాళ్లలో ఫంగస్ అరుదు కనుక గాలక్టోమన్నన్ పాజిటివ్ వస్తే అది తప్పుడు పాజిటివ్ అయ్యే అవకాశమే ఎక్కువ. వాళ్లకు వారం వారం ఈ పరీక్ష చేయడం దండగ. రెండోది మందుల కయ్యం. పోసాకొనజోల్, వోరికొనజోల్ వంటివి లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకు ఇచ్చే కీమో మందు విన్‌క్రిస్టిన్ శరీరంలో విరగకుండా అడ్డుకుంటాయి. నరాలు దెబ్బతిని, పేగు కదలిక ఆగిపోయి పిల్లలు ప్రమాదంలో పడతారు. అందువల్ల లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకు ఈ కాపలా కుదరదు. దానికి బదులుగా వారానికి రెండుసార్లు లైపోసోమల్ యాంఫోటెరిసిన్ ఇచ్చి చూస్తే 2017 ట్రయల్‌లో ఫంగస్ 11.7 నుంచి 7.9 శాతానికి తగ్గింది గానీ అది నికరమైన తేడాగా నిలవలేదు. మైలాయిడ్ ల్యుకేమియాకు వాడే వెనెటోక్లాక్స్ కథ వేరు. పోసాకొనజోల్ పక్కన ఉంటే దాని మోతాదు 400 మిల్లీగ్రాముల నుంచి 70కి దించాలి. దించడం మరిచిపోతే కౌంట్లు మరీ ఎక్కువ కాలం లేవవు.

మన ఆసుపత్రిలో లెక్క వేరు

విదేశీ మార్గదర్శకాలను యథాతథంగా తెచ్చుకుంటే మూడు చోట్ల తప్పుతాయి. మొదటిది మ్యూకర్. గాలక్టోమన్నన్ గానీ బీటా-డి-గ్లూకాన్ గానీ దాన్ని పట్టవు. ‘రెండు పరీక్షలూ నెగెటివ్, కనుక ఆగుదాం’ అన్న సూత్రం ఆస్పర్జిల్లస్ ఒక్కటే ఉన్న ఊళ్లో చెల్లుతుంది. మ్యూకర్ కేసులు ప్రపంచ సగటు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్న దేశంలో చెల్లదు. సీటీలో తిరగబడిన హేలో, సైనస్‌లో నొప్పి, అంగిట్లో నల్లమచ్చ ఇక్కడ రక్తపరీక్ష కన్నా విలువైనవి. రక్తంలో మ్యూకర్ పీసీఆర్ ఫ్రెంచ్ పరిశోధనల్లో మిగతా పరీక్షల కన్నా కొన్ని రోజుల ముందే జాడ చెప్పింది. అది ఇంకా కొద్ది ల్యాబ్‌లకే పరిమితం.

రెండోది క్షయ. ఊపిరితిత్తిలో గడ్డ కనిపిస్తే ఐరోపాలో తొలి అనుమానం బూజు. ఇక్కడ క్షయను పక్కన పెట్టకుండా ముందుకు పోలేం. పైగా క్షయకు వాడే రిఫాంపిసిన్ వోరికొనజోల్‌ను రక్తంలో నిలవనీయదు. మూడోది ఈస్టుల రకం. దేశంలోని 27 ఐసీయూల్లో చేసిన అధ్యయనంలో కాండిడా ట్రాపికాలిస్‌దే మొదటి స్థానం, పాశ్చాత్య దేశాల్లోలా ఆల్బికాన్స్‌ది కాదు. పలు మందులకు లొంగని కాండిడా ఆరిస్ కూడా ఇక్కడ పాత అతిథే.

2021 రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్ పేరుతో మ్యూకర్ జబ్బు ఇంటింటికీ తెలిసింది. తెలంగాణ దీన్ని తప్పక తెలపాల్సిన వ్యాధిగా ప్రకటించింది, హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి ప్రధాన కేంద్రమైంది, కేంద్రం యాంఫోటెరిసిన్‌పై జీఎస్టీని కొంతకాలం ఎత్తేసింది. అప్పటి రోగుల్లో ఎక్కువమంది మధుమేహం, స్టెరాయిడ్లు కలిసినవాళ్లు, కీమో రోగులు కారు. కానీ కీమో వార్డులకు కావలసిందీ అవే వయళ్లు.

ఈ లెక్కలన్నీ చూస్తే, ఏ పక్షం సరైనదన్న ప్రశ్న మన దగ్గర వేరే రూపం తీసుకుంటుంది. ఫలానా ఆసుపత్రి 48 గంటల్లో ఏమేం చూడగలదు? సీటీ తీసి, సైనస్ చూసి, ఊపిరితిత్తి కడిగిన ద్రవాన్ని రెండు రోజుల్లో చదవగలిగితే ఆగవచ్చు. గాలక్టోమన్నన్ నమూనా వేరే ఊరికి వెళ్లి ఐదో రోజు తిరిగొచ్చే చోట అనుమాన చికిత్సను పాతబడిన పద్ధతి అని కొట్టిపారేయడం అన్యాయం.

ఏ మందు, ఎంత

ఆస్పర్జిల్లస్‌కు 2002 నుంచి వోరికొనజోల్‌దే పీట. ఆ ఏడాది ట్రయల్‌లో 12 వారాలకు దానితో 70.8 శాతం, పాత యాంఫోటెరిసిన్‌తో 57.9 శాతం బతికారు. 2016లో ఇసావుకొనజోల్, 2021లో పోసాకొనజోల్ దానికి సమానంగా నిలిచాయి, దుష్ప్రభావాలు తక్కువ. వోరికొనజోల్‌ను శరీరం విరిచే వేగం మనిషి మనిషికీ మారుతుంది. అందుకే రక్తంలో స్థాయి కొలవాలి. 2012 కొరియా ట్రయల్‌లో కొలిచి మోతాదు సరిచేసిన జట్టులో 81 శాతం స్పందించారు, కొలవని జట్టులో 57 శాతమే. రెండు మందులు కలిపితే మేలన్న ఆశ 2015 ట్రయల్‌లో తేలీతేలకుండా మిగిలింది. మరణాలు 27.5 నుంచి 19.3 శాతానికి తగ్గినా గణాంక హద్దు దాటలేదు.

రక్తంలో కాండిడా ఉంటే కాస్పోఫంగిన్ వంటి ఎకైనోక్యాండిన్‌తో మొదలుపెట్టడంపై వివాదం లేదు. సెంట్రల్ లైన్ తీయాలా అన్నదానిపై ఉంది; కౌంట్లు లేని రోగిలో మూలం తరచుగా పేగు, లైన్ కాదు. కౌంట్లు లేచాక జ్వరం తిరగబెట్టి, కాలేయం, ప్లీహంలో చిన్న చిన్న మచ్చలు కనిపించే కాండిడా ఇంకో రకం. అక్కడ ఇబ్బంది సగం రోగనిరోధక శక్తి తిరిగొచ్చినందువల్లే కనుక కొన్నిసార్లు స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తుంది.

మ్యూకర్‌లో ఆలస్యమే శత్రువు. 2008లో హ్యూస్టన్ ఎం.డి. ఆండర్సన్ రోగుల్లో ఆరు రోజులు దాటాక మందు మొదలైనవాళ్లలో 83 శాతం, ముందే మొదలైనవాళ్లలో 49 శాతం మరణించారు. లైపోసోమల్ యాంఫోటెరిసిన్, వీలైనంత తొందరగా శస్త్రచికిత్స: ఈ రెంటినీ మించిన దారి ఇంకా రాలేదు. ఇనుమును లాగేసే డెఫెరాసిరాక్స్ ప్రయోగశాలలో బ్రహ్మాండంగా పనిచేసింది; 20 మంది రోగులతో చేసిన ట్రయల్‌లో దాన్ని కలిపిన జట్టులోనే ఎక్కువమంది పోయారు.

తేలనివి

ఫంగస్ అదుపులోకి వచ్చాక తర్వాతి విడత కీమో ఎప్పుడు? ఆగితే ల్యుకేమియా తిరగబెడుతుంది, తొందరపడితే బూజు. మార్గదర్శకాలు ఆస్పర్జిల్లస్‌కు కనీసం 6 నుంచి 12 వారాలు మందు వాడమంటాయి. అన్నాళ్లు కీమో ఆపమని ఎవరూ అనరు. ఈ నిర్ణయం ఇప్పటికీ వైద్యుల అంచనా మీదే నడుస్తోంది.

వోరికొనజోల్ వంటి అజోల్ మందులకు నిరోధకత ఇంకోటి. నెదర్లాండ్స్‌లో మొదట గుర్తించిన, పొలాల్లోని అజోల్ మందుల ఒత్తిడికి పుట్టిందని భావించే ఆస్పర్జిల్లస్ మార్పు 2012 నాటికే ఢిల్లీ నమూనాల్లో కనిపించింది. మన వరిలో పాముపొడకు కొట్టే హెక్సాకొనజోల్, మిరపలో వాడే టెబుకొనజోల్ ఆ కుటుంబానివే. ఆస్పర్జిల్లస్ కల్చర్ దొరికిన ప్రతిసారీ అజోల్ పనిచేస్తుందో లేదో పరీక్షించడం మన ల్యాబ్‌లలో ఇంకా అలవాటు కాలేదు.

కొత్త మందుల్లో ఒలోరోఫిమ్ నిరోధక ఆస్పర్జిల్లస్‌పై ఆశ కలిగిస్తోంది గానీ మ్యూకర్‌పై పనిచేయదు. ఇసావుకొనజోల్‌కు మ్యూకర్ అనుమతి వచ్చింది 37 మందితో, పోలిక జట్టు లేకుండా చేసిన అధ్యయనం మీద. లైపోసోమల్ యాంఫోటెరిసిన్ కిలోకు 5 మిల్లీగ్రాములు చాలా, 10 కావాలా అన్నదానికి కూడా పెద్ద తులనాత్మక ట్రయల్ లేదు. ఆస్పర్జిల్లస్‌లో మోతాదు పెంచితే లాభం లేకపోగా కిడ్నీలు దెబ్బతిన్నాయని 2007లోనే తేలింది; మ్యూకర్‌లో ఆ ప్రశ్న అలాగే ఉంది. అరవై కిలోల మనిషికి ఆ రెండు మోతాదుల తేడా రోజుకు ఆరు వయళ్లా, పన్నెండా అన్నది. అలాంటి ట్రయల్‌కు సరిపడా రోగులున్న దేశాలు ప్రపంచంలో ఎక్కువ లేవు. మనది వాటిలో ఒకటి.